కొబ్బరిచెట్ల మధ్య తీగ, గ్రంథాలయం గోడ మీద పటం

డిసెంబరు 8

ఈ రోజు పని మొదలుపెట్టాం. మా పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య ఏరియల్ తీగ కట్టాలి. దానికి రిసీవర్ తగిలించి, ఏ దేశపు అమెచ్యూర్ రేడియో స్టేషన్లు, అంటే సరదా కొద్దీ లైసెన్సు తీసుకుని మనుషులు సొంతంగా నడిపేవి, మా ఊరి దాకా వినిపిస్తాయో రాసుకోవాలి. విన్న ప్రతి స్టేషన్‌కి ఒక కాగితం జెండా చేసి ప్లైవుడ్ మీద గీసిన ప్రపంచ పటానికి గుచ్చాలి. వేసవి సెలవులు వచ్చేసరికి ఆ పటం మా ఊరి గ్రంథాలయం గోడ మీద ఉండాలి. మొత్తం ప్రాజెక్టు ఇంతే.

మా ఊరు కోనసీమలో, పి. గన్నవరానికి దగ్గర. నాకు టీవీ, మొబైల్ రిపేరు షాపు ఉంది. నాతోపాటు ఈ పనిలో దిగింది మా మేనల్లుడు, తొమ్మిదో తరగతి. వాడికి మొదట చెప్పింది కాల్ సైన్ గురించే. రోడ్డు మీద బండికి నంబరు ప్లేటు ఉన్నట్టే గాలిలో స్టేషన్‌కి కాల్ సైన్ ఉంటుంది. మొదటి రెండు మూడు అక్షరాలు చూస్తే ఏ దేశమో తెలిసిపోతుంది. వీయూ అంటే మనం. జేఏ అంటే జపాన్. 4ఎస్7 అంటే శ్రీలంక. ఏ దేశానికి ఏ అక్షరాలన్నది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పంచి ఇస్తుంది.

తీగ కొలత చూసుకున్నాం. వినాలనుకున్నది 14 మెగాహెర్ట్జ్ బ్యాండు, అంటే సుమారు 21 మీటర్ల తరంగం. అందులో సగం పొడుగు తీగ కావాలి. లెక్క కడితే 33 అడుగులు వచ్చింది. దాన్ని మధ్యకి కోసి, ఒక్కో వైపు పదహారున్నర అడుగులు. మధ్యలో కోయాక్స్ కేబుల్, టీవీకి వాడే లాంటిదే. కేబుల్‌ని నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క మీద ఎనిమిది చుట్లు చుట్టాను. ఇంట్లోని ఫ్యాన్లు, లైట్ల గోల కేబుల్ పైతొడుగు వెంట పాకి రిసీవర్‌లోకి రాకుండా ఆ చుట్లు అడ్డుపడతాయి.

డిసెంబరు 15

చెట్టెక్కడానికి మా తోటలో దింపు తీసే పెద్దాయన వచ్చాడు. కప్పీ బిగించడానికి మేకులు, సుత్తి సిద్ధం చేసి ఉంచాను. ఆయన వాటి వంక చూసి తల అడ్డంగా ఊపాడు.

"మేకు మాత్రం కొట్టనండి. గాయమైతే ఎర్రముక్కు పురుగు దూరుద్ది. చెట్టు పోద్దండి."

"మరి ఎలా బాబాయ్?"

"పాత సైకిలు ట్యూబు ఉందాండీ?"

ఉంది. ట్యూబుని మానుకి రెండు చుట్లు చుట్టి, దాని మీద నైలాన్ తాడు బిగించి, ఆ తాడుకి కప్పీ కట్టాడు. రెండో చెట్టుకీ అంతే. పది నిమిషాల్లో రెండు చెట్లూ ఎక్కి దిగాడు. ఈ ప్రాజెక్టులో నేను నేర్చుకున్న మొదటి మంచి సంగతి ఆయన నేర్పిందే.

కొబ్బరిచెట్టు గాలికి ఊగుతుంది. రెండు చివర్లూ బిగించి కడితే తీగ ఏదో ఒక రోజు తెగుతుంది. అందుకని ఒక చివర కట్టేసి, రెండో చివర తాడుని కప్పీ మీదుగా కిందికి దింపి ఇటుక వేలాడదీశాం. చెట్టు అటు ఊగితే ఇటుక పైకి పోతుంది, ఇటు ఊగితే దిగుతుంది. తాడు కొబ్బరిపీచుదే వాడాలని నాకు మనసులో ఉంది, కొబ్బరికి పేరున్న అంబాజీపేట పక్కన పెట్టుకుని నైలాన్ ఎందుకని. కానీ పీచు తాడు వానకి తడిసి, ఎండకి ఎండి, కొన్నాళ్లకి కుళ్లుతుంది. చివరికి వలలకి వాడే తాడే తెచ్చాం.

డిసెంబరు 22

మొదటి రాత్రి. ల్యాప్‌టాప్‌లో ఎఫ్‌టీ8 పెట్టాం. జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే కలిసి 2017లో తెచ్చిన పద్ధతి ఇది. టేలర్ భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనిషి, ఆయన కాల్ సైన్ కె1జేటీ. స్టేషన్లు పదిహేను సెకన్లకొకసారి వంతులు వేసుకుని చిన్న సందేశం పంపుతాయి. అందులో కాల్ సైన్లు, బలం ఎంత, ఏ చోటు అన్నవే ఉంటాయి. చెవికి పీలగా ఈల వేసినట్టు ఉంటుంది, కంప్యూటర్ దాన్ని అక్షరాలుగా మారుస్తుంది.

ఏడింటికి మొదలుపెడితే తెర మీద ఏమీ రాలేదు. రిసీవర్‌లో బుస్సుమని ఒకటే హోరు. కేబుల్ తీసి పెట్టాను, జాయింట్లు చూశాను, సెట్టింగులు మార్చాను. ఎనిమిదిన్నరకి కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. హోరు ఒక్కసారిగా ఆగింది. పావు నిమిషం తిరక్కుండానే తెర నిండా వరసలు దిగాయి: ఇటలీ, ఉక్రెయిన్, జర్మనీ, ఒమన్, ఇండోనేషియా.

"మావయ్యా, కరెంటు పోతే వస్తున్నాయేంటి?" అన్నాడు వాడు.

వెనక రొయ్యల చెరువుల మోటార్లు, వాటి కంట్రోలర్లు, గట్ల మీద చవక ఎల్‌ఈడీ లైట్లు. హోరు వాటిదే. ఇరవై రెండు నిమిషాల తర్వాత కరెంటు వచ్చింది, హోరూ వచ్చింది. అప్పటికి పుస్తకంలో 31 కాల్ సైన్లు పడ్డాయి. మర్నాడు తీగని తూర్పు పక్క చెట్లకి మార్చి, చెరువుల వైపు దాని కొస ఉండేలా తిప్పాం. తీగ అడ్డంగా ఉన్న వైపు బాగా వింటుంది, కొసల వైపు తక్కువ వింటుంది. హోరు పూర్తిగా పోలేదు గానీ సగానికి తగ్గింది.

జనవరి 4

ఈ రోజు వాడు పరిగెత్తుకుంటూ షాపుకొచ్చాడు. "మావయ్యా, మన ఏపీ స్టేషన్ దొరికింది! ఏపీ2 అని ఉంది!"

వాడి తప్పు కాదు. పుట్టినప్పటి నుంచి బళ్ల మీద, బస్సుల మీద ఏపీ చూస్తున్నాడు. కానీ గాలిలో ఏపీ అంటే పాకిస్తాన్. అట్లాసు తెరిచి కూర్చోబెట్టి చెప్పాను. ఇంగ్లీషు 'ఏ'తో మొదలయ్యే వాటిలో ఏపీఏ నుంచి ఏఎస్‌జెడ్ దాకా పాకిస్తాన్‌ది, దాన్ని ఆనుకుని ఏటీఏ నుంచి ఏడబ్ల్యూజెడ్ దాకా మనది. నేల మీద పక్కపక్కన ఉన్నట్టే అక్షరమాలలోనూ పక్కపక్కనే ఉన్నాం. వాడు అది విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత జెండా మీద ఏపీ2 అని రాసి పాకిస్తాన్‌లో గుచ్చాడు.

మన వీయూలోని 'వీ' కథ ఇంకా పాతది. తొలిరోజుల్లో అక్షరాలు దేశాలవి కావు, కంపెనీలవి. 1912లో మునిగిన టైటానిక్ కాల్ సైన్ ఎంజీవై, అందులో ఎం మార్కోని కంపెనీది. అదే ఏడాది లండన్‌లో జరిగిన రేడియో టెలిగ్రాఫ్ సమావేశంతో అక్షరాలు దేశాల వారీగా పంపకమయ్యాయి. వీ మొత్తం బ్రిటిష్ సామ్రాజ్యం వాటాకి పోయింది. వీఏ మొదలు కెనడా, వీహెచ్ మొదలు ఆస్ట్రేలియా, వీఓ న్యూఫౌండ్‌లాండ్, వీటీ నుంచి వీడబ్ల్యూ దాకా బ్రిటిష్ ఇండియా. మన విమానాల మీద ఇప్పటికీ వీటీ ఉన్నది అందుకే. వీటీ అంటే వైస్రాయ్ టెరిటరీ అని చెప్పుకుంటారు, నేనూ చాలా కాలం అదే నమ్మాను. వరస మొత్తం చూశాక ఆ నమ్మకం పోయింది. కెనడా, ఆస్ట్రేలియాలకి ఒకదాని తర్వాత ఒకటి ఇస్తూ వచ్చిన వరసలో మన వంతుకి వచ్చిన అక్షరాలు ఇవి. అంతకు మించి అర్థం లేదు. కానీ ఆ వరస మాత్రం లండన్‌లో గీసిన పటమే. వైస్రాయ్ పోయి ఇన్నేళ్లయినా పటం పోలేదు.

సిలోన్ సంగతి వేరు. అది వీఎస్7గా ఉండేది. 1947 అట్లాంటిక్ సిటీ సమావేశంలో, కొత్త దేశాలకి అక్షరాలు చాలవని అంకెతో మొదలయ్యే వరసలు పెట్టారు. అలా 4ఎస్7 అయింది. మనకి కూడా 8టీ నుంచి 8వై దాకా అదనంగా వచ్చాయి. వీయూని వదలలేదు.

జనవరి 12

సంక్రాంతికి ఇంటి నిండా జనం. తీగ దగ్గరికి వెళ్లే తీరిక లేదు. జెండాలకి కొబ్బరి ఈనె పుల్లలు చెక్కుతూ కూర్చుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. పటంలో మద్రాసు దగ్గర వీయూఎం అని రాసి ఉంటే చూసి, "ఇదేంట్రా?" అన్నారు.

ఆకాశవాణి పాత కేంద్రాల అక్షరాలు అవి. ఢిల్లీ వీయూడీ, బొంబాయి వీయూబీ, కలకత్తా వీయూసీ, మద్రాసు వీయూఎం. 1927 జూలైలో బొంబాయిలో, ఆగస్టులో కలకత్తాలో ప్రసారాలు మొదలైనప్పుడు వాటి గుర్తులు 7బీవై, 7సీఏ. తర్వాత వీయూ వరసలోకి వచ్చాయి. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది, విజయవాడ 1948 డిసెంబరు 1న. అంటే ఆ పదేళ్లూ మన డెల్టాలో రేడియో ఉన్న ఇళ్లకి తెలుగు మాట ఎక్కువగా మద్రాసు నుంచే రావాలి.

నాన్న విని, "మాకు అక్షరాలేం తెలుసు. ట్యూన్ వస్తే చాలు, పంచాయతీ అరుగు మీద అందరూ సర్దుకుని కూర్చునేవారు" అన్నారు. ఆ ట్యూన్ కట్టింది వాల్టర్ కాఫ్‌మన్, 1936లో. హిట్లర్ రోజుల్లో ఇక్కడికి వచ్చి తలదాచుకున్న యూదు సంగీతకారుడు. నాన్న ఆ ట్యూన్ నోటితో అని, "ఆకాశవాణి, విజయవాడ కేంద్రం" అని ఆ గొంతులోనే చెప్పారు. పిల్లలందరూ వచ్చి చుట్టూ చేరారు. వాళ్లలో ఒక్కరు కూడా 837 కిలోహెర్ట్జ్ తిప్పి ఎరగరు. సరే, మా పటంలో విజయవాడ దగ్గర పెట్టే జెండా మీద అక్షరాలు రాయను. నాన్న చెప్పిన వాక్యమే రాస్తాను.

రైలు స్టేషన్ల కోడ్లు కూడా ఇదే జాతి. టెలిగ్రాఫ్ తీగ మీద ఒక స్టేషన్ ఇంకో స్టేషన్‌ని పిలవడానికి పనికొచ్చిన పొట్టి పేర్లు. కాకినాడ టౌన్‌కి ఇప్పటికీ సీసీటీ, కోకనాడ టౌన్ అన్నమాట. విజయవాడ బీజెడ్ఏ, బెజవాడ. విజయవాడ పక్క గన్నవరం విమానాశ్రయం కోడు వీఓబీజెడ్‌లోనూ ఆ బెజవాడే దాక్కుంది. టికెట్ మీద రోజూ చూస్తూ ఎన్నడూ చదవలేదు.

జనవరి 26

పెద్ద తప్పు దొరికింది. రెండు రోజుల పని పోయింది.

అమెరికా స్టేషన్లు తెల్లవారుజామున వస్తున్నాయి. వాటిలో కొన్ని కెతో మొదలవుతాయి, కొన్ని డబ్ల్యూతో. మిసిసిపీకి పడమట కె, తూర్పున డబ్ల్యూ అని ఎప్పుడో విన్నదే గుర్తుపెట్టుకుని వాడికి చెప్పాను. వాడు డబ్ల్యూ జెండాలన్నీ న్యూయార్క్ వైపు, కె జెండాలన్నీ కాలిఫోర్నియా వైపు గుచ్చాడు. నిన్న రాత్రి ఒక డబ్ల్యూ6 స్టేషన్ పంపిన చోటు గుర్తు చూస్తే పసిఫిక్ ఒడ్డున తేలింది.

నది హద్దు ప్రసార కేంద్రాలకే. అమెచ్యూర్లకి అక్షరం ఏదైనా ఒకటే, చోటు చెప్పేది అంకె. 1 అంటే ఈశాన్యపు మూల, 6 అంటే కాలిఫోర్నియా. అదైనా పూర్తిగా నమ్మడానికి లేదు, ఇల్లు మారినా పాత కాల్ సైన్ ఉంచుకోవచ్చు. తప్పు నాదే, వాడికి చెప్పింది నేను. నలభై జెండాలు పీకి, ఒక్కోదానికీ చోటు గుర్తు చూసుకుని మళ్లీ గుచ్చాం.

అయితే ఆ నది హద్దు కథ వదలబుద్ధి కాలేదు. 1923కి ముందు హద్దు మిసిసిపీ కాదు, ఇంకా చాలా పడమటగా ఉండేది. అందుకే టెక్సస్‌లో డబ్ల్యూబీఏపీ, డబ్ల్యూఎఫ్ఏఏ, డబ్ల్యూఓఏఐ లాంటి పాత స్టేషన్లు కొత్త హద్దుకి పడమట పడినా తమ డబ్ల్యూ నిలబెట్టుకున్నాయి. తూర్పున పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ, 1920 నవంబరు 2న అధ్యక్ష ఎన్నికల ఫలితాలు చదివిన స్టేషన్, ఇప్పటికీ కెతోనే ఉంది.

"మనకీ అలా పెడితే కొవ్వూరు కె, రాజమండ్రి డబ్ల్యూ" అన్నాను.

"మరి మనం మావయ్యా? మనం గౌతమికీ వశిష్ఠకీ మధ్యలో ఉన్నాం కదా?"

జవాబు తట్టలేదు. ధవళేశ్వరం దిగాక గోదావరి ఒక్కటిగా ఉండదు. ఏ పాయని హద్దు అంటావు? మధ్యలో వైనతేయం కూడా ఉంది. అట్లాసులో మిసిసిపీ కింది కొస చూపించాను, అదీ మన డెల్టా లాగే పాయలు పాయలుగా సముద్రంలో దిగుతుంది. అక్కడి న్యూ ఆర్లీన్స్ పేరుమోసిన స్టేషన్ డబ్ల్యూడబ్ల్యూఎల్. వాడు ఆ రాత్రి పుస్తకంలో "కోనసీమ: కె, డబ్ల్యూ రెండూ" అని రాసుకున్నాడు.

ఫిబ్రవరి 9

వినికిడి పడిపోయింది. తీగ దింపి చూస్తే మధ్య జాయింటులో రాగికి పచ్చగా చిలుం పట్టింది. ఉప్పుగాలి. గీకి, మళ్లీ సోల్డర్ చేసి, రబ్బరు టేపు చుట్టి, పైన గ్రీజు రాశాను. నెలకోసారి చూడాలి.

ఫిబ్రవరి 23

జెండాలు 200 దాటాయి. గ్రంథాలయంలో పటం ఒక మూల నిలబెట్టి అక్కడే గుచ్చుతున్నాం, దాంతో జనం ఆగి చూస్తున్నారు. ఈ రోజు పక్క వీధి పిన్నిగారు వచ్చి, "కువైట్ ఎక్కడ బాబూ?" అని అడిగారు. ఆవిడ కూతురు అక్కడ పనికి వెళ్లి ఆరేళ్లయింది. 9కె2 జెండా చూపించాను. జెండా నుంచి మా ఊరిదాకా వేలు జరుపుతూ ఎంత దూరమో చూసుకున్నారు. ఆ తర్వాత మేము గల్ఫ్ జెండాల రంగు మార్చి పెద్దవి చేశాం. కువైట్ 9కె, ఒమన్ ఏ4, ఎమిరేట్స్ ఏ6, ఖతార్ ఏ7, బహ్రెయిన్ ఏ9, సౌదీ హెచ్‌జెడ్. కోనసీమలో ఈ ఆరు జెండాలూ చాలా ఇళ్లవి.

మన దేశం విషయంలో నాకొక అసంతృప్తి ఉంది. జపాన్‌లో జేఏ1 అంటే టోక్యో వైపు, జేఏ8 అంటే హొక్కైడో. ఆస్ట్రేలియాలో వీకె6 అంటే పడమటి తీరం. మన వీయూ2, వీయూ3 మాత్రం చోటు చెప్పవు, లైసెన్సు స్థాయి చెబుతాయి. వీయూ3 రెస్ట్రిక్టెడ్, వీయూ2 జనరల్. జనరల్‌కి నిమిషానికి ఎనిమిది మాటల మోర్స్, అంటే పొట్టి పొడుగు చప్పుళ్లతో అక్షరాలు చెప్పే సంకేతం, రావాలి. గోదావరి అబ్బాయో అస్సాం అమ్మాయో అంకె చూసి చెప్పలేం. ఇంత పెద్ద దేశంలో అది లోటే.

చోటు చెప్పేవి దీవులు రెండే: లక్షద్వీప్ వీయూ7, అండమాన్ నికోబార్ వీయూ4. ఆ వీయూ4 జెండా గుచ్చుతున్నప్పుడు 2004 సంగతి చెప్పాను. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ బృందం డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. ఎన్నో ఏళ్లుగా గాలిలో వినిపించని వీయూ4 కోసం ప్రపంచమంతా చెవులు రిక్కించి ఉంది. డిసెంబరు 26 పొద్దున భూమి కంపించింది, సునామీ వచ్చింది. సరదాకి పెట్టిన వీయూ4ఆర్‌బీఐ స్టేషన్ ఆ గంట నుంచి దీవుల్లో చిక్కుకున్నవాళ్ల క్షేమసమాచారాలు చేరవేసే పనిలో పడింది. ఆ రోజు మన తీరంలోనూ సముద్రం ముందుకొచ్చింది. వాడు అప్పటికి పుట్టలేదు.

మార్చి 9

ఎఫ్‌టీ8 స్టేషన్లు చోటుని నాలుగు గుర్తులతో చెబుతాయి, రెండక్షరాలు రెండంకెలు. భూమి మొత్తాన్ని గళ్లుగా కోసిన పద్ధతి. మాకూ ఒక గడి ఉండాలి కదా అని లెక్క కట్టాం. కోనసీమ మొత్తం ఎన్‌కెలోనే పడుతుంది. కానీ గళ్ల మధ్య గీత 82 డిగ్రీల తూర్పు రేఖ మీద ఉంది, ఆ రేఖ అమలాపురాన్ని ఆనుకునే పోతుంది. రాజోలు, మా ఊరు ఎన్‌కె06. ముమ్మిడివరం, యానాం, కాకినాడ ఎన్‌కె16. నదిని హద్దు చేయలేకపోయాం గానీ గీత ఒకటి నిజంగానే మా మధ్య నుంచి పోతోంది.

మార్చి 23

పటానికి ఇంకొక్క జెండా మిగిలింది. దాని కోసం ఈ రోజు యానాం వెళ్లాం.

అమెచ్యూర్లు లెక్కపెట్టే దేశాల జాబితా ఒకటి ఉంది, డీఎక్స్‌సీసీ అంటారు. అందులో రద్దయిన దేశాలకి వేరే పేజీ. పోర్చుగీసు గోవా సీఆర్8, 1961 చివరి దాకా. దాని దగ్గరే ఫ్రెంచ్ ఇండియా, ఎఫ్‌ఎన్8, 1954 అక్టోబరు 31 దాకా. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం. మా ఇంటి నుంచి బస్సులో పోయి సాయంత్రానికి తిరిగి వచ్చేంత దూరంలో ఉన్న యానాం, రేడియో లెక్కలో ఇంకో దేశం. ఆ రోజుల్లో రెండు ఊళ్ల మధ్య గౌతమి పడవ ఎక్కితే అక్షరాలు మారిపోయేవి. బాల్యవివాహాలని అడ్డుకునే శారదా చట్టం వచ్చాక పెళ్లిళ్లకి జనం యానాం వెళ్లేవారని, దాన్ని కల్యాణపురం అనేవారని నాన్న చెప్పేవారు. హద్దు అంత నిజం అన్నమాట. 1954 నవంబరు 1న పాలన మన చేతికొచ్చింది, ఎఫ్‌ఎన్8 పేజీ మారింది.

గౌతమి గట్టు మీద ఒక కర్ర పాతి, ఒక తీగ, చిన్న రిసీవర్ పెట్టాం. గాలికి నీళ్లు గట్టుకి కొట్టుకుంటున్నాయి. ఎల్‌ఈడీ లైట్లు లేవు, మోటార్లు లేవు, బ్యాండు శుభ్రంగా ఉంది. నాలుగున్నరకి ఒక మనిషి చేత్తో కొడుతున్న మోర్స్ దొరికింది, నెమ్మదిగా. డిడిడిడా, డిడిడా. వాడు నా మొహంలోకి చూశాడు.

"వీ... యూ... మనవాళ్లే మావయ్యా!"

వాడు చెవితో పట్టుకున్న మొదటి అక్షరాలు అవి. మిగతాది మసకబారి పోయింది. పుస్తకంలో యానాం, ఎన్‌కె16, సమయం రాసి వీయూ అని మాత్రం వేశాం.

రాత్రి గ్రంథాలయం తాళం తీయించి ఆఖరి జెండా గుచ్చాం. గల్ఫువి తప్ప మిగతావన్నీ తెల్ల కాగితం, ఇదొక్కటీ నీలం. యానాం చుక్క చిన్నది, ఈనె పుల్ల సగం కాకినాడ మీదికి వాలింది. జెండా మీద వాడి చేతిరాత: ఎఫ్‌ఎన్8, 31-10-1954 వరకు. దాని పక్కనే తెల్లది: వీయూ, ఈ సాయంత్రం 4:30.

వచ్చే ఆదివారం పటానికి వార్నిష్. తీగ జాయింట్లకి మళ్లీ గ్రీజు. వీయూ3 పరీక్షకి దరఖాస్తులు రెండు తెచ్చాను, ఒకటి నాది, ఒకటి వాడిది.